పాత ఇంట్లో పాదరసం: ఏవి వెతకాలి, ఒలికితే ఎలా ఎత్తాలి, వైజాగ్‌లో ఎవరికివ్వాలి

మీరు అడిగింది ఇదీ: మహారాణిపేటలో తాతగారి పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆయన కాంపౌండరుగా చేసినవారు కాబట్టి బీరువాలో పాదరసం బీపీ మిషనొకటి, గాజు థర్మామీటర్లు నాలుగు దొరికాయి. అటక మీద అట్టపెట్టెడు పాత ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు ఉన్నాయి. పూజగదిలో పాదరసంతో చేసిన రసలింగం ఉంది. నిన్న సాయంత్రం బాబు చేతిలోంచి ఒక థర్మామీటరు జారి పడకగదిలో పగిలింది. మీ శ్రీమతి గారు పెద్ద గుండ్లు చేత్తో ఏరి, మిగతాది చీపురుతో ఊడ్చేశారు. ఆవిడ ఉంగరం మీద తెల్ల మచ్చ పడింది. ఇప్పుడేం చేయాలి, మిగతా సామానంతా ఎవరికివ్వాలి?

ముందు సూటిగా జవాబు. ఒక్క థర్మామీటరుతో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, కంగారు పడకండి. కానీ ఆ గదిలో ఈ రాత్రి ఎవరూ పడుకోవద్దు. ఫ్యానూ ఏసీ వేయకండి. వీధి వైపు కిటికీలు తీసి, ఇంట్లోకి వచ్చే తలుపు మూసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు దోపండి. ఊడ్చిన చీపురు, చేట, చెత్తబుట్టలోని కవరు మూడింటినీ రెండు కవర్లలో కట్టి బయట నీడలో పెట్టండి. ఆ గదిని రేపు పొద్దున్నే మళ్లీ శుభ్రం చేయాలి, ఎలాగో కింద రాస్తాను. బీపీ మిషను విప్పకండి. పాత సామాన్లు కొనేవాడికి వీటిలో ఏదీ వేయకండి. ట్యూబులు, బల్బులు పగలకుండా పెట్టి జీవీఎంసీ (వైజాగ్ నగరపాలక సంస్థ) ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వాలి. థర్మామీటర్లు, బీపీ మిషను వార్డు సచివాలయంలో ముందుగా చెప్పి అప్పగించాలి.

ఇక కారణాలు.

దేంట్లో ఎంత ఉందో తెలిస్తే దేనికి ఎంత భయపడాలో తెలుస్తుంది. సీఎఫ్ఎల్ బల్బులో ఉండేది 3 నుంచి 5 మిల్లీగ్రాములు. పాత లావుపాటి ట్యూబులైటులో 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, సన్నటి టీ5 ట్యూబులో 5 లోపే. జ్వరం చూసే గాజు థర్మామీటరులో అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాము. బీపీ మిషనులో 80 నుంచి 100 గ్రాములు. అంటే ఒక థర్మామీటరు పగిలితే రెండు వందల పైచిలుకు సీఎఫ్ఎల్ బల్బులు ఒకే గదిలో పగిలినంత. ఒక బీపీ మిషను ఒలికితే వంద థర్మామీటర్లు ఒలికినంత. జనం మామూలుగా దీనికి తలకిందులుగా భయపడతారు. బల్బు పగిలితే హడావిడి చేస్తారు, బీపీ మిషన్ని మాత్రం ఇనప సామాన్లతో పాటు బండి మీద పడేస్తారు.

పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. అందుకే 100 గ్రాములంటే చూడ్డానికి ఒకటిన్నర టీస్పూను మాత్రమే. ఇంత చిన్న ముద్దే కదా అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు.

రెండో సంగతి, ఇది నోటికంటే ముక్కుకి ప్రమాదం. ద్రవరూపంలో ఉన్న పాదరసం మింగితే దాదాపు అంతా విరేచనంలో బయటికి పోతుంది, ఒంటికి పట్టేది వెయ్యోవంతు కూడా ఉండదు. ఆవిరిగా పీలిస్తే మాత్రం నూటికి 80 పాళ్లు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళ్తుంది. ఆ ఆవిరికి రంగూ వాసనా లేవు.

వేడికి ఇది పెరుగుతుంది. గాలి కదలని మూసిన చోట 20 డిగ్రీల దగ్గర క్యూబిక్ మీటరు గాలి మోయగల పాదరసం 13 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర దాదాపు 30. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుగా చెప్పిన హద్దు 1 మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. కిటికీలు తీసిన గదిలో గాలి ఎప్పుడూ అంత నిండదు, నిజమే. కానీ వైజాగ్ ఎండాకాలంలో ఏసీ కోసం కిటికీలు బిగించుకున్న పడకగది, మంచం కింద పగుల్లో ఉండిపోయిన గుండు, నేల మీద ఆడుకునే పిల్లాడు, ఈ మూడూ కలిస్తే నెలల తరబడి కొద్దికొద్దిగా లోపలికి పోతూనే ఉంటుంది. జాగ్రత్త అంటున్నది దీని గురించి.

చీపురు ఎందుకు తప్పంటే, పాదరసం నేలకి అంటుకోదు, గుండ్రంగా నిలబడుతుంది. చీపురు పుల్ల తగలగానే ఒక గుండు పది, పది వంద అవుతాయి. బరువు అంతే ఉంటుంది కానీ గాలికి తగిలే ఒళ్లు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆవిరీ అంతే పెరుగుతుంది. సన్న గుండ్లు కొండ చీపురు పీచులో ఇరుక్కుని, వంటింట్లో ఊడ్చినప్పుడు అక్కడ రాలతాయి. వాక్యూమ్ క్లీనరు ఇంకా ఘోరం, లోపలి మోటారు వేడికి ఆవిరి చేసి గది నిండా చిమ్ముతుంది, ఆ మిషను ఇక పనికిరాదు. తడిగుడ్డతో తుడిచి బకెట్లో జాడించడం కూడా అంతే.

ఇప్పుడు చేయాల్సింది. పొద్దున్న ఆరు లోపు మొదలుపెట్టండి. నేల చల్లగా ఉంటుంది, గది ఇంకా చీకటిగా ఉంటే టార్చి వెలుగు బాగా పనిచేస్తుంది. కావాల్సినవి: వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్, టార్చి, రెండు విజిటింగ్ కార్డులు లేదా పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు, సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి, వెడల్పు టేపు, బిగుతు మూత ఉన్న జామ్ సీసా, జిప్ కవర్లు, పాత న్యూస్‌పేపర్లు, 100 గ్రాముల గంధకం పొడి. గంధకం ఆయుర్వేద మూలికల కొట్లోనో, పురుగుమందుల దుకాణంలోనో దొరుకుతుంది, మొక్కలకి చల్లే సల్ఫర్ పొడి కూడా పనికొస్తుంది. పని చేసేది ఒక్కరే. చేతికి, మెడలో ఉన్న బంగారం, వెండి, వాచీ అన్నీ తీసి బయట పెట్టి లోపలికి వెళ్లండి. గర్భిణులు ఈ పనికి వెళ్లకూడదు, పిల్లలూ పెంపుడు జంతువులూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

గాజు ముక్కలు ముందు ఏరి మడిచిన కాగితంలో చుట్టండి. సీసాలో ఒక అంగుళం నీళ్లు పోసి పెట్టుకోండి, పాదరసం అడుక్కి చేరుతుంది, పైన నీరు ఆవిరిని ఆపుతుంది. తర్వాత టార్చిని నేలకి ఆనించినట్టు పడుకోబెట్టి వెలిగించండి. నిలబడి పైనుంచి వెలుగు వేస్తే ఏమీ కనపడదు. పక్కనుంచి వేస్తే ఆవగింజలో పదో వంతు ఉన్న గుండు కూడా చుక్కలా మెరుస్తుంది, దాని నీడ వెనక పొడుగ్గా పడుతుంది. పగిలిన చోటు నుంచి కాదు, గోడల వైపు నుంచి మధ్యకి రండి. చీపురు పోయినంత దూరం చూడాలి. ఒక కార్డు అడ్డం పెట్టి, రెండో కార్డుతో మెల్లగా నెడుతూ గుండ్లని ఒకదానికొకటి కలపండి. కలిసి పెద్దదైతే ఎత్తడం సులువు. దాన్ని కార్డు మీదికి దొర్లించి సీసాలో జార్చండి, లేదా సిరంజితో పీల్చండి. టేపు సన్న గుండ్లకే పనికొస్తుంది. అద్ది ఎత్తి, గమ్ము వైపు లోపలికి మడిచి జిప్ కవర్లో వేయండి.

పాత ఇళ్లలో అసలు కష్టం నేలతోనే. కొత్త ఫ్లాట్లలో టైల్సు నున్నగా, సందులు సన్నగా ఉంటాయి. మహారాణిపేట, వన్‌టౌన్ పాత ఇళ్లలో మొజాయిక్ పగుళ్లు, నాపరాళ్ల సందులు, గోడ మూలలో రాలిన గచ్చు, వీటిలోకి గుండ్లు దిగిపోతాయి. అన్నిటికంటే జనం మర్చిపోయేది గడప. నేల వాటం ఎటుంటే గుండ్లు అటు దొర్లి, చెక్క గడప నేలకి కలిసే సందులో పోగవుతాయి. టార్చి అక్కడ తప్పకుండా వేయండి. మంచం కోళ్ల కింద, బీరువా కాళ్ల కింద, ఊడ్చుకుంటూ వెళ్లిన దారిలో ఉన్న ప్రతి గుమ్మం దగ్గర చూడండి.

సందుల్లోంచి సిరంజితో రానిదానికి గంధకం వాడాలి. పొడి చల్లి, కార్డు అంచుతో సందులోకి నొక్కి, రాత్రంతా వదిలేయండి. పాదరసం తగిలిన చోట పసుపు రంగు గోధుమగా, నల్లగా మారుతుంది. అంటే అక్కడ ఇంకా ఉందని గుర్తు. మర్నాడు ఆ పొడిని తడి కాగితంతో తుడిచి, కాగితంతో సహా కవర్లో కట్టాలి. మరకలు మళ్లీ వస్తుంటే మళ్లీ చల్లండి. కానీ గంధకం చల్లేశాం కదా, పని అయిపోయిందని అనుకోకండి. అది గుండు పైపొరని మాత్రమే పట్టుకుంటుంది, చాలా నిదానంగా. చేత్తో ఎత్తగలిగినదంతా ఎత్తిన తర్వాతే గంధకం. ఆ గదిలో అగరొత్తి, దీపం వెలిగించకండి, గంధకం అంటుకుంటే వచ్చే పొగ ఊపిరి ఆడనివ్వదు.

పరుపు మీదో, చాప మీదో పడి ఉంటే ఉతకొద్దు. వాషింగ్ మిషనులో వేస్తే మిషనంతా అంటుకుంటుంది. గుండ్లు పడిన చాప, దిండు గలీబు, గుడ్డ తీసి కట్టేయడమే. ఆ గదిలో ఉన్నా గుండ్లు తగలని బట్టలకి భయం లేదు, డాబా మీద ఒక పూట ఆరేసి తర్వాత ఉతుక్కోవచ్చు. చెప్పుల అడుగులు, పిల్లాడి అరికాళ్లు కూడా చూడండి. అంతా అయ్యాక కనీసం 24 గంటలు కిటికీలు తెరిచే ఉంచండి. బాబుని ఇంకో రెండు మూడు రోజులు వేరే గదిలో పడుకోబెడితే మంచిది.

వాష్‌బేసిన్‌లో, బాత్‌రూములో పారబోయొద్దు. బేసిన్ కింద వంకర గొట్టంలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. పాదరసం అంత బరువుతో అక్కడే కూచుంటుంది, ఎన్ని నీళ్లు పోసినా పోదు, వేడినీళ్లు పోసినప్పుడల్లా ఆవిరి పైకి వస్తుంది. ఇప్పటికే ఎవరైనా పోసి ఉంటే ప్లంబరుకి సంగతి చెప్పి, కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి ఆ వంపు గొట్టం విప్పించండి. దాటిపోయినది ఎటు పోతుందో మన ఊళ్లో అందరికీ తెలుసు. కాలువ నుంచి గెడ్డ (వాగు), గెడ్డ నుంచి సముద్రం. నీటి అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే ఇంకా విషపు రూపంలోకి మారుస్తాయి. అది చేపల్లో పోగవుతుంది, చిన్న చేపని తిన్న పెద్ద చేపలో ఇంకా ఎక్కువగా. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బు ఇదే, అక్కడ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన వ్యర్థం చేపల ద్వారా మనుషులకి చేరింది. పాదరసం వాడకం తగ్గించడానికి 2013లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. బజార్లో పాదరసం థర్మామీటర్లు కనపడకుండా పోతున్నది, ట్యూబులైట్లు 2027 నాటికి ఆగిపోవాల్సి ఉన్నది ఆ ఒప్పందం వల్లే.

ఇక బీపీ మిషను. మీ దగ్గరున్న వస్తువులన్నిటిలో దీన్ని ముట్టుకునేటప్పుడే ఎక్కువ ఒళ్లు దగ్గరపెట్టుకోవాలి. పెట్టె మూత నెమ్మదిగా, బల్ల మీద పెట్టి తీయండి. లోపల గుడ్డ మీద, మూలల్లో మెరిసే గుండ్లు ఉన్నాయేమో ముందు టార్చితో చూడండి. పాత మిషన్లలో గాజు గొట్టం పైన, కింద ఉండే తోలు వాషర్లు ఎండి ముడుచుకుపోతాయి, అక్కడినుంచే కారుతుంది. గుండ్లు కనపడితే మూత వెంటనే మూసి పెట్టెని అలాగే కవర్లో పెట్టండి. లేకపోతే మిషన్ని పాదరసం డబ్బీ ఉన్న వైపుకి కాస్త వాల్చి, గొట్టంలోని పాదరసం మొత్తం డబ్బీలోకి దిగిందాకా ఆగి, కింద ఉన్న చిన్న మీటని మూసే వైపు తిప్పండి. ఎక్కువ మంది మరిచిపోయేది ఈ మీటే. అది తిప్పకుండా పెట్టె మూసి ఆటోలో అడ్డంగా పెడితే దారంతా కారుతుంది. తర్వాత పెట్టెకి చుట్టూ టేపు వేసి, రెండు మందపాటి కవర్లలో కట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో నిటారుగా నిలబెట్టండి. గాలి కొట్టే రబ్బరు బంతి, చేతికి కట్టే పట్టా విడిగా తీసి పెట్టుకోవచ్చు, వాటిలో ఏమీ ఉండదు. గుండ్రటి ముల్లు డయల్ ఉన్నవీ, డిజిటల్‌వీ పాదరసం లేని మిషన్లు.

బీపీ మిషను ఒలికితే మీరు ఎత్తొద్దు. థర్మామీటరు వరకే ఇంటి పని. వంద గ్రాములు నేల మీద పడితే తలుపు మూసి, కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చి, జీవీఎంసీకీ, కాలుష్య నియంత్రణ మండలి స్థానిక కార్యాలయానికీ ఫోను చేయాలి.

మిగిలిన మూడు థర్మామీటర్లలో ఉన్నది పాదరసమేనా అన్నది తేలిగ్గా తెలుస్తుంది. ఎర్రగానో నీలంగానో ఉంటే అది రంగు కలిపిన ఆల్కహాలు, మామూలు చెత్తలో గాజు జాగ్రత్తతో వేయొచ్చు. వెండి రంగు ఉంటే పాదరసమని అనుకోండి. పాదరసం లేదని గాజు మీద రాసి ఉన్న కొన్నిటిలో గాలియం, ఇండియం, తగరం కలిపిన లోహం ఉంటుంది, పగిలితే అది గుండ్లు కట్టదు, గాజుకి పూసినట్టు అంటుకుంటుంది. పాదరసం వాటిని ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, ఖాళీ పళ్ల బ్రష్షు డబ్బాలాంటి గట్టి గొట్టంలో పెట్టి, మూత ఉన్న డబ్బాలో పేర్చండి. విదిలించి కిందికి దించాలని చూడకండి, అలా విదిలించేటప్పుడే ఎక్కువ పగులుతాయి.

ట్యూబులైట్లు, బల్బుల సంగతి తేలిక. పగలనంతవరకు వాటితో ఏ ప్రమాదమూ లేదు. కొత్త ఎల్ఈడీ బ్యాటన్లు కొన్నప్పుడు వచ్చే పొడుగు అట్టపెట్టెల్లో పాత ట్యూబులు దూర్చి రెండు చివరలా టేపు వేయండి. సీఎఫ్ఎల్ బల్బులకి ఒక్కోదానికి ఒక కాగితం చుట్టి అట్టపెట్టెలో నిలబెట్టండి. ఎల్ఈడీ, పాత ఫిలమెంటు బల్బుల్లో పాదరసం ఉండదు. సీఎఫ్ఎల్ పగిలితే: అందరూ బయటికి, ఫ్యాను ఆపి కిటికీ తీసి 10 నిమిషాలు ఆగి, గట్టి కాగితంతో ముక్కలు, తెల్ల పొడి ఎత్తి, టేపుతో అద్ది, తడి కాగితంతో తుడిచి, అన్నీ గాజు సీసాలో వేసి మూత బిగించాలి. పలచటి కవరులోంచి ఆవిరి బయటికి వస్తుంది, సీసాలోంచి రాదు. కొన్ని గంటలు గాలి ఆడనిస్తే సరిపోతుంది.

పాత సామాన్లవాళ్లకి ట్యూబులు ఇవ్వొద్దన్నది ఎందుకంటే, వాటికి కొసల్లో ఉండే అల్యూమినియం టోపీల కోసం గాజుని బస్తాలో వేసి కొట్టేస్తారు. ఆ తెల్లపొడి పీల్చేది ఆ కుర్రాడు, వాడి పక్కన ఆడుకునే పిల్లలు. అలాగే భోగి మంటలో, గోదాం వెనక చెత్త కాల్చే చోట వేయొద్దు. మామూలు చెత్తలో కలిపితే కాపులుప్పాడ చేరుతుంది. అక్కడ చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది. పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది కాబట్టి కొలిమిలో పడ్డదంతా పొగతో పైకి లేస్తుంది.

పాత ఇంట్లో ఇంకా వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి, మీరు రాయలేదు కాబట్టి చెప్తున్నాను. నీళ్ల ప్యూరిఫయరులోని యూవీ ల్యాంపు సన్నటి పాదరసం దీపమే. సర్వీసు కుర్రాడు మార్చినప్పుడు పాతది మీ చెత్తబుట్టలోనే పడేసి వెళ్తాడు, పగలకుండా అడిగి తీసుకోండి. ఈగల్ని చంపే నీలి ట్యూబు మిషను, చేపల తొట్టి లైటు, గేటు మీది పాత మెర్క్యురీ ల్యాంపు, ప్రొజెక్టరు బల్బు. 2010కి అటూఇటూ కొన్న ఎల్‌సీడీ టీవీ అయితే, ఎల్ఈడీ అని రాసి లేకపోతే తెర వెనక సన్నటి ట్యూబులు ఉంటాయి. పాత కెమెరాలు, చెవి మిషన్లలోని బటన్ సెల్స్ మీద ఎంఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటే బరువులో పెద్ద వాటా పాదరసమే, సీఆర్ అని ఉంటే అది లిథియం, పాదరసం లేదు. తాతగారు కాంపౌండరు కాబట్టి మందుల అరలో మెర్క్యురోక్రోమ్ ఎర్రమందు సీసా, ఇంగిలీకం పొట్లం, రససింధూరం లాంటి పాదరసం కలిసిన పాత ఔషధాలు ఉండొచ్చు. వాటిని రుచి, వాసన చూడకండి, నీళ్లలో కలిపి పారబోయకండి, సీసాతో సహా ఇవ్వాల్సిన సామానులో చేర్చండి.

బీరువాలో ముఖం తెల్లబడే క్రీములు ఏవైనా ఉంటే వాటినీ చూడండి. పదార్థాల పట్టీ లేకుండా, తయారీదారు చిరునామా లేకుండా బయటి దేశం నుంచి వచ్చినవి, "బంగారం, వెండి నగలకి తగలనివ్వొద్దు" అని రాసి ఉన్నవి పాదరసం క్రీములే అనుకోవచ్చు. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు డాక్టర్లు 2023లో బయటపెట్టారు. థర్మామీటరు ఒక్కసారి పగలడం కంటే రోజూ ముఖానికి రాసుకునే ఇది ఎంతో ఎక్కువ హాని.

ఎవరికివ్వాలి. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబులైట్లు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు ఇవన్నీ గృహ ప్రమాదకర వ్యర్థాలని పేర్లతో సహా రాశారు. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒక సేకరణ కేంద్రం పెట్టాలని నగరపాలక సంస్థలకి చెప్పింది కూడా ఆ నియమాలే. కాబట్టి మీరు అడుగుతున్నది సాయం కాదు, వాళ్ల బాధ్యత. మీ వార్డు సచివాలయానికి వెళ్లి శానిటేషన్ సెక్రటరీని కలవండి. "పాత బల్బులున్నాయండీ" అంటే బండిలో వేసేయమంటారు. ఒక కాగితం మీద వస్తువులు, సంఖ్య, సుమారు బరువు రాసి ఇవ్వండి: పాదరసం బీపీ మిషను 1, థర్మామీటర్లు 3, ఒలికిన పాదరసం సీసా 1, ట్యూబులు ఇన్ని. ఎక్కడ అప్పగించాలో, ఏ రోజో కనుక్కోండి. బల్బులు, ట్యూబుల వరకు ఇంటికి వచ్చే చెత్త బండిలో ఎర్ర బుట్టకి ఇవ్వొచ్చు. మీరే దగ్గరుండి అందించండి, తడి చెత్త మీదికి విసిరేస్తే పగిలి కలిసిపోతుంది.

ట్యూబులు, బల్బులు, ఎల్‌సీడీ టీవీలకి ఇంకో దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల కింద పాదరసం దీపాల బాధ్యత తయారీ కంపెనీలదే. పెట్టె మీదున్న కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి చేసి వైజాగ్‌లో సేకరణ ఎక్కడో అడగండి, లేదా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లరుకి ఇవ్వండి. నమోదు పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. పరవాడ ఫార్మాసిటీ వైపు ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది కానీ అది పరిశ్రమల కోసం, బకెట్ పట్టుకుని నేరుగా వెళ్లొద్దు.

అప్పగించడానికి రెండు మూడు వారాలు పట్టినా గాభరా వద్దు. మూత బిగించిన సీసా, టేపు వేసిన పెట్టె ఇంట్లో ఉండటం వల్ల హాని లేదు. వంటిల్లు, గీజరు పక్క, ఎండ తగిలే బాల్కనీ, పిల్లలకి అందే అర కాకుండా ఎక్కడైనా పెట్టండి. పైన పెద్ద అక్షరాలతో "పాదరసం - తెరవొద్దు" అని తెలుగులో రాయండి, పనిమనిషి కూడా చదివేలా.

రసలింగం విషయంలో మీ మనసు నొప్పించకుండా చెప్పాలనుకుంటున్నాను. బజార్లో రసలింగాలని అమ్మేవాటిలో కొన్ని పాదరసాన్ని తగరం, వెండి లాంటి లోహాలతో కలిపి గట్టిపరిచినవి, కొన్నిటిలో సీసం కూడా ఉంటుంది. చూసి పోల్చడం కుదరదు. ఆరాధన మానమని అనను. కానీ దాని మీద అభిషేకం చేసిన నీళ్లు, పాలు తీర్థంగా తాగొద్దు, ముఖ్యంగా పిల్లలకి ఇవ్వొద్దు. పక్కనే దీపం పెట్టి వేడి చేయొద్దు. గాజు పెట్టెలో ఉంచి పూలు పెట్టెకే సమర్పించండి. నల్లపొడి రాలుతున్నా, మెరిసే గుండ్లు చెమర్చినట్టు కనపడుతున్నా ఇంట్లో ఉంచకండి. సముద్రంలో నిమజ్జనం మాత్రం వద్దు, పైన గెడ్డ గురించి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. బంగారం పనివాళ్ల దగ్గర కరిగించడం అన్నిటికంటే ప్రమాదం.

ఆరోగ్యం గురించి. నిన్నటి దానికి ఎవరికీ పరీక్షలు అక్కర్లేదు. గుండు మింగినా వాంతి చేయించొద్దు, గాజు ముక్క మింగారేమో అన్నదే చూడాల్సింది, అనుమానముంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117, మీ డాక్టరు కూడా అక్కడ అడగొచ్చు. వేడి చేసిన పాదరసం ఆవిరి పీల్చి దగ్గు, ఛాతీ బిగుతు, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వారాల తర్వాత చేతుల వణుకు, నిద్రలేమి, చిగుళ్ల వాపు, పిల్లల్లో అరచేతులు అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేవడం కనిపిస్తే ఈ సంగతి డాక్టరుకి చెప్పండి. అప్పుడు చేయించేది 24 గంటల మూత్రంలో పాదరసం పరీక్ష.

ఉంగరం చివరికి ఉంచాను, మీరూ చివర్లోనే అడిగారు. ఆ తెల్ల మచ్చ మురికి కాదు. పాదరసం బంగారంలో కలిసి మిశ్రమలోహమైంది. సబ్బు, చింతపండు, కుంకుడుకాయ దేనికీ పోదు. గీకితే బంగారం పోతుంది, అలాగే వదిలేస్తే ఆ చోట పెళుసుగా మారి విరగొచ్చు. స్టవ్ మీద కాల్చొద్దు. కాలిస్తే మచ్చ నిజంగానే పోతుంది, పోయేది మాత్రం వంటింటి గాల్లోకి. ఉంగరాన్ని మిగతా నగలతో కలపకుండా చిన్న గాజు సీసాలో వేసి మూత పెట్టండి, తగిలితే వాటికీ అంటుకుంటుంది. కురుపాం మార్కెట్‌లో మీకు తెలిసిన పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, ఇవ్వకముందే "దీనికి పాదరసం అంటింది" అని చెప్పండి. పొగ బయటికి లాగే ఫ్యాను ఉన్నవారైతేనే ఇవ్వండి. మచ్చ సంగతి చెప్పకుండా మెరుగు పెట్టమంటే ఆయన కొలిమి ముందు కూచుని మామూలుగా ఊదుతాడు, ఆ ఆవిరంతా ఆయన ముఖానికే కొడుతుంది.